విడుదలైన ఖైదీలకు, వారి కుటుంబాలకు ధార్మిక ఆసరా: హైదరాబాదు, తెలుగు నేల

జైలు నుంచి విడుదలైనవారు తిరిగి ఇంట్లో, పనిలో, ఊళ్లో కుదురుకునేందుకు గుళ్లు, మసీదులు, చర్చిలు, గురుద్వారాలు, వాటికి అనుబంధంగా నడిచే సేవాసంస్థలు చేసే సాయాన్ని ధార్మిక ఆసరా అనవచ్చు. జామీను నిలబడడం, తిండి, బస, పని చూపించడం, పిల్లల చదువు, తాగుడు మాన్పించడం, తెగిపోయిన బంధుత్వాలను కలపడం ఇందులో భాగాలు. ఖైదీ లోపల ఉన్నంతకాలం బయట అతని ఇంటివాళ్లను ఆదుకోవడమూ దీని కిందికే వస్తుంది.

తెలుగు నేల మీద ఈ సేవకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1913లో బాపట్ల దగ్గర నేరస్థ తెగల సెటిల్‌మెంటుగా వెలసిన స్టువర్టుపురం నుంచి నేటి హైదరాబాదు జైళ్లకు వెళ్లివస్తున్న స్వచ్ఛంద బృందాల దాకా ఆ చరిత్ర సాగింది. అందులో దయ ఉంది, నిర్బంధమూ ఉంది. సాయం చేసినవాళ్లు ఎదుటి మనిషిని స్వతంత్రుడిగా చూసినప్పుడు మంచి జరిగింది. సాయానికి బదులుగా విధేయతనో, మతవిశ్వాసాన్నో అడిగినప్పుడు కీడు జరిగింది. పని, బస, వైద్యం, ఉచిత భోజనం దగ్గరదగ్గరగా దొరికే హైదరాబాదులోని అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతం ఈ అవసరాలన్నిటినీ ఒకచోట గమనించడానికి తగినది.

అవసరం ఎక్కడ మొదలవుతుంది

జైలు నుంచి బయటికి వచ్చేవాడంటే శిక్ష పూర్తి చేసుకున్న నేరస్థుడే చాలామంది మనసులో మెదులుతాడు. లెక్కలు వేరుగా ఉన్నాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. వీళ్లు బెయిలు మీదనో, కేసు కొట్టేస్తేనో బయటికి వస్తారు. శిక్ష పడినవాడికైతే విడుదల తేదీ ముందే తెలుస్తుంది, ఇంటివాళ్లు సిద్ధపడతారు. విచారణ ఖైదీ ఏ సాయంత్రమో చేతిలో చిన్న సంచితో గేటు బయట నిలబడతాడు.

బెయిలు మంజూరైనా జామీనుదారు దొరకక లోపలే ఉండిపోయేవారు ఉన్నారు. ఆస్తి కాగితాలో, జీతం చీటీనో చూపించి పూచీకత్తు సంతకం పెట్టే మనిషి పేదవాడికి సులభంగా దొరకడు. 1978లో మోతీరామ్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ అన్యాయాన్నే ఎత్తిచూపారు. ఒక తాపీమేస్త్రీ మీద 10,000 రూపాయల పూచీ భారం మోపి, వేరే జిల్లాలో ఉన్నాడని అతని తమ్ముడి జామీనును కాదనడం తప్పని సుప్రీంకోర్టు తేల్చింది. 2023 జనవరి 31న అదే కోర్టు మరికొన్ని ఆదేశాలిచ్చింది. బెయిలు వచ్చి ఏడు రోజులైనా ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల సహాయ పథకం తెచ్చింది. దీనికింద విచారణ ఖైదీల పూచీ సొమ్ముకు 40,000 రూపాయల వరకు, శిక్ష పడినవారి జరిమానాకు 25,000 రూపాయల వరకు ప్రభుత్వం చెల్లించవచ్చని అప్పటి నిబంధన.

డబ్బు ప్రభుత్వం ఇవ్వగలదు. కోర్టుకు వచ్చి ఈ మనిషి పారిపోడని నిలబడే తోటివాణ్ణి మాత్రం ఏ పథకమూ తెచ్చివ్వలేదు. శుక్రవారం నమాజులోనో, ఆదివారం ఆరాధనలోనో, భజన మండలిలోనో ఒకరినొకరు ఎరిగినవాళ్లుంటారు. ధార్మిక సంఘాల అసలు బలం ఈ ఎరుకే. జామీను మీద వెళ్లినవాడు వాయిదాకు రాకపోతే సంతకం పెట్టినవాడి నెత్తిన పడుతుంది కనుక ఇది ఉత్త మాటసాయం కాదు, నిజమైన పూచీ.

విడుదల తర్వాతి చిక్కులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆధార్ కార్డు ఎక్కడుందో తెలియదు. ఫోను నంబరు రద్దయి ఉంటుంది. వాడుతున్న మందులు అయిపోతాయి. పోలీసు స్టేషనులో రౌడీషీటు తెరిచి ఉంటే పండగకు, ఎన్నికకు పిలుపు తప్పదు. అద్దెకు గది అడిగితే ఎక్కడి నుంచి వచ్చావన్న ప్రశ్నే ముందు వస్తుంది.

మత సంప్రదాయాల్లో ఖైదీ

తెలుగువారి భక్తిలో ఖైదీకి పెద్ద పీటే ఉంది. భద్రాచలం రామాలయ నిర్మాణానికి సర్కారు సొమ్ము వాడాడన్న అభియోగంపై రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో అబుల్ హసన్ తానీషా కాలాన గోల్కొండ కోటలో దాదాపు పన్నెండేళ్లు బందీగా ఉన్నాడు. రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి విడిపించారన్నది జనం చెప్పుకొనే కథ. ఆయన ఉన్న చెరను నేటికీ కోటలో చూపిస్తారు. రామదాసు కీర్తనలు పాడుకొనే ప్రతి ఇంటికీ బాకీ కట్టి మనిషిని విడిపించడం దైవకార్యమన్న భావన కొత్తది కాదు. కృష్ణుడు పుట్టిందీ చెరసాలలోనే.

ఇస్లాంలో విధిదానమైన జకాత్ ఇవ్వదగిన ఎనిమిది వర్గాలను ఖురాన్ పేర్కొంటుంది. బందీల విముక్తి, అప్పులపాలైనవారి విముక్తి అందులో ఉన్నాయి. చెరలో ఉన్నవారిని చూడడానికి వెళ్లడం తనను చూడడానికి రావడమేనని యేసు చెప్పినట్టు మత్తయి సువార్త చెబుతుంది. సిక్కులు దీపావళి నాడు బందీ ఛోడ్ దివస్ జరుపుకుంటారు. గ్వాలియరు కోట చెర నుంచి గురు హరగోవింద్ తనతోపాటు 52 మంది రాజులను విడిపించుకు వచ్చాడన్నది ఆ పండగ మూలం.

బౌద్ధంలోని అంగులిమాలుడి కథ ఈ విషయానికి మరీ దగ్గరిది. హంతకుడు మారి భిక్షువయ్యాడు. అయినా ఊళ్లోకి భిక్షకు వెళితే జనం రాళ్లు విసిరారు. మారిన మనిషిని సమాజం వెంటనే నమ్మదన్న చేదు నిజాన్ని ఆ కథ దాచకుండా చెబుతుంది. బుద్ధుడు అతణ్ణి సంఘంలోంచి పంపేయలేదు. దెబ్బలు తిని వచ్చినవాడికి తిరిగి చేరే చోటు మిగిలింది.

స్టువర్టుపురం: ఆసరా నిర్బంధమైన చోట

1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. 1911 నాటి మార్పులతో అది మద్రాసు రాజధానికీ వర్తించింది. కొన్ని కులాలవారు పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసి, పేర్లు నమోదు చేసి, హాజరు వేయించి, ప్రత్యేక సెటిల్‌మెంట్లలో ఉంచే అధికారం ఆ చట్టం ఇచ్చింది. తెలుగు జిల్లాల్లో దాని బరువు ఎక్కువగా ఎరుకల మీద పడింది. గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరా తిరిగి అమ్ముకొన్న వీరి బతుకుతెరువును రైళ్లు, రోడ్లు, అటవీ చట్టాలు ఎలా దెబ్బతీశాయో చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో వివరించారు.

సెటిల్‌మెంట్లు నడిపే పనిని ప్రభుత్వం క్రైస్తవ సంస్థలకు అప్పగించింది. బాపట్ల, చీరాల మధ్య 1913లో సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో వెలసిన దానికి మద్రాసు ప్రభుత్వ ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను మరొకటి నడిపింది. బడి, వైద్యం, వ్యవసాయ భూమి, చేతిపని వచ్చాయి. వాటితోపాటు అనుమతి లేకుండా ఊరు దాటరాదన్న నియమం, హాజరు, పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుగా ఉంచి పెంచే పద్ధతి వచ్చాయి. చీరాలలోని పొగాకు కంపెనీకి స్టువర్టుపురం నుంచి కూలీలు వెళ్లారు. సంస్కరణ పేరుతో చౌక శ్రమ సమకూరిందన్న విమర్శకు అదే మూలం.

మిషనరీల్లో మనసుపెట్టి పనిచేసినవారు ఉన్నారు. కానీ నేరం చేసినవాడూ చేయనివాడూ, వారి పసిపిల్లలూ ఒకే కంచెలో ఉన్నప్పుడు ఎంత ప్రేమగా బోధించినా అది శిక్షలో భాగమే అవుతుంది. చట్టాన్ని దేశవ్యాప్తంగా 1952 ఆగస్టు 31న రద్దు చేశారు. ఆ చట్టం నుంచి బయటపడి విముక్త జాతులుగా పేరొందినవారు ఆ రోజును నేటికీ స్మరించుకుంటారు. ముద్ర మాత్రం మిగిలింది. ఆ ఊరి పేరే దొంగతనానికి మారుపేరైంది. 1991లో ఆ పేరుతో ఒక తెలుగు సినిమా కూడా వచ్చింది. ఊరి పేరు చెప్పుకోలేక ఇబ్బందిపడిన తరాలు అక్కడ ఉన్నాయి. జైళ్లలో కులవివక్ష తగదని 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు విముక్త జాతుల మీద నేటికీ మిగిలిన అనుమానపు చూపును సైతం తప్పుపట్టింది.

నాస్తికులు చేసిన సేవ

స్టువర్టుపురం కథలో తర్వాతి అధ్యాయం దేవుణ్ణి నమ్మనివారిది. గోరాగా పేరొందిన గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. తర్వాత అది విజయవాడకు మారింది. ఆయన కుమారుడు లవణం, కోడలు హేమలతా లవణం 1970వ దశకంలో స్టువర్టుపురంలో నేరస్థుల సంస్కరణ పనికి పూనుకున్నారు. హేమలత మహాకవి గుఱ్ఱం జాషువా కుమార్తె. భూదానోద్యమ నేత వినోబా భావే తెలుగునాట పాదయాత్ర చేసినప్పుడు లవణం ఆయనకు దుబాసీగా నడిచారు. వినోబా వంటి గాంధేయుల పిలుపుతో చంబల్ బందిపోట్లు ఆయుధాలు అప్పగించిన ఘట్టాల ప్రభావం వారి ఆలోచన మీద ఉంది.

వారి పద్ధతిలో ముఖ్యమైనది ఇళ్లకు వెళ్లడం. జైల్లో ఉన్నవారిని కలిశారు, ఊళ్లో వారి భార్యలతో కూర్చుని మాట్లాడారు, అధికారులతో సంప్రదించారు. సంస్కార్ అనే సంస్థ ఆ పని నుంచి రూపుదిద్దుకుంది. తర్వాత నిజామాబాదు జిల్లాలో దేవతకు అంకితమన్న పేరుతో దోపిడీకి గురైన జోగినీల విముక్తికీ అది పనిచేసింది. ధార్మిక ఆసరా గురించి రాసేటప్పుడు ఈ దంపతులను తప్పక తలవాలి. గుడి, చర్చి చేయగల పనిని మానవత్వమే మతంగా ఉన్నవారు చేయగలరని, చాలాసార్లు వారి నుంచి మతసంస్థలు నేర్చుకోవలసింది ఉందని వారి జీవితం చూపింది.

హైదరాబాదు జైళ్లు, ప్రభుత్వ ప్రయత్నాలు

చంచల్‌గూడ జైలు 1876లో ఏర్పడింది. అదే ప్రాంతంలో మహిళలకు ప్రత్యేక కారాగారం ఉంది. నగరం తూర్పు అంచున చర్లపల్లి కేంద్ర కారాగారం, దాని పక్కన సత్ప్రవర్తన గల ఖైదీలు వ్యవసాయం చేసే ఆరుబయలు జైలు ఉన్నాయి. పాత ముషీరాబాదు జైలు ఉన్నచోట ఇప్పుడు గాంధీ ఆసుపత్రి నిలిచింది.

తెలంగాణ జైళ్ల శాఖ వి.కె. సింగ్ అధిపతిగా ఉన్న కాలంలో పలు కార్యక్రమాలు తెచ్చింది. నిరక్షరాస్యులైన ఖైదీలకు అక్షరాలు నేర్పే విద్యాదానం, ఉస్మానియా మనస్తత్వ శాస్త్ర ఆచార్యురాలు బీనా చింతలపూరి రూపొందించిన ఉన్నతి వాటిలో ముఖ్యమైనవి. ఉన్నతి ఖైదీల ఆలోచనా ధోరణిని, కోపాన్ని, అలవాట్లను శాస్త్రీయంగా మార్చే శిక్షణ. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా లోపలి నుంచే డిగ్రీ చదివే వీలుంది. జైళ్ల శాఖ పెట్రోలు బంకులు నడిపి, వాటిలో విడుదలైనవారికీ ఉద్యోగాలిచ్చింది. 2024 జూలైలో క్షమాభిక్షపై విడుదలైన 213 మందిలో కొందరికి ఈ బంకుల్లోనే పని చూపించారు. జైలు నుంచి వచ్చినవాణ్ణి నమ్మి క్యాష్ కౌంటరు అప్పగించడం మాటలు కాదు. ప్రభుత్వమే ఆ పని చేసి చూపాక ప్రైవేటు యజమానులకు వద్దనే కారణం తగ్గుతుంది.

నేటి ధార్మిక ధారలు

క్యాథలిక్కుల్లో ఈ సేవకు పెద్ద వేదిక ప్రిజన్ మినిస్ట్రీ ఇండియా. 1981లో కేరళలో ఇద్దరు సెమినరీ విద్యార్థులు, తర్వాత గురువులైన వర్గీస్ కరిప్పేరి, ఫ్రాన్సిస్ కొడియాన్, దీనికి నాంది పలికారు. ఇప్పుడిది భారత క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య గుర్తింపుతో దేశమంతటా పనిచేస్తోంది. గురువులు, సిస్టర్లతోపాటు మామూలు విశ్వాసులూ స్వచ్ఛందంగా జైళ్లకు వెళతారు. విడుదలైనవారికి పునరావాస గృహాలు, ఖైదీల పిల్లలకు చదువు ఈ ఉద్యమం చేపట్టిన పనులు. ఆగస్టు రెండో ఆదివారాన్ని జైలు సేవా ఆదివారంగా పాటిస్తారు. ఆష్విట్జ్ శిబిరంలో తోటి ఖైదీ ప్రాణానికి బదులుగా తన ప్రాణమిచ్చి 1941 ఆగస్టు 14న మరణించిన పోలెండు గురువు మాక్సిమిలియన్ కోల్బే వీరికి ఆదర్శం. ప్రొటెస్టెంటు సంఘాల నుంచి పాస్టర్లు, గాయక బృందాలు క్రిస్మస్, ఈస్టరు రోజుల్లో జైళ్లకు వెళ్లడం తెలుగు జిల్లాల్లో చిరకాలంగా ఉన్న ఆనవాయితీ.

విపశ్యన ధ్యానం మతభేదం లేదని చెప్పుకొనే మార్గం. మన దేశంలో ఖైదీలకు తొలి శిబిరం 1975లో జైపూరు జైల్లో విపశ్యన ఆచార్యుడు ఎస్.ఎన్. గోయెంకా నిర్వహించారు. 1994లో తీహారు జైల్లో వెయ్యిమంది ఒకేసారి కూర్చున్న శిబిరం ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. దేశంలో మొదటి విపశ్యన కేంద్రాల్లో ఒకటైన ధమ్మఖేత్త 1976 నుంచి హైదరాబాదు శివార్లలో, నాగార్జునసాగర్ దారిలో ఉంది. అక్కడ పదిరోజుల శిబిరానికి రుసుము లేదు, బసా భోజనమూ పూర్వ సాధకుల విరాళాలతో నడుస్తాయి. బ్రహ్మకుమారీలు, ఆర్ట్ ఆఫ్ లివింగ్ వంటి సంస్థలూ దేశంలోని జైళ్లలో ధ్యాన శిక్షణ ఇస్తున్నాయి.

ముస్లిం సమాజంలో సాయం పెద్ద సంస్థ పేరుతో కన్నా మొహల్లా స్థాయిలో ఎక్కువగా సాగుతుంది. రంజాను నెలలో జకాత్, ఫిత్రా సొమ్ము బైతుల్‌మాల్ అనే ఉమ్మడి నిధికి చేరి, ఇంటి పెద్ద లేని కుటుంబానికి రేషనుగా, ఫీజుగా వెళుతుంది. జైలు పాలైనవాడి ఇల్లని ప్రత్యేకంగా చెప్పకుండా ఇచ్చే ఈ గుట్టు సాయం ఆ ఇంటి పరువును కాపాడుతుంది.

ఈ ధారల్లో చాలావాటికి ఒక కొరత ఉంది. ప్రవచనం, ధ్యానం, పండగ, పళ్ల పంపిణీ గోడ లోపలే ముగుస్తాయి. లోపల భోజనం, పడక, మందు ప్రభుత్వమే ఇస్తుంది. అసలు లోటు గేటు బయట మొదలవుతుంది. అక్కడ ఎదురుచూసే బృందాలు తక్కువ.

కుటుంబాల కష్టం

మగవాడు జైలుకు వెళితే అతని భార్య మీద నాలుగు బరువులు ఒకేసారి పడతాయి. ఆదాయం ఆగుతుంది, వకీలు ఖర్చు మొదలవుతుంది, ములాఖత్‌కు ఒకరోజు కూలి పోతుంది, చుట్టుపక్కలవాళ్ల చూపులు మారతాయి. బెయిలు కోసం పుస్తెలు తాకట్టు పెట్టిన ఇల్లాలు మనిషి బయటికి వచ్చాక కూడా ఆ వడ్డీ కడుతూనే ఉంటుంది. ఆడది జైలుకు వెళితే ఇంకా కష్టం. భర్త, పుట్టింటివారు ఇద్దరూ వదిలేసే సందర్భాలుంటాయి. ములాఖత్‌కు వచ్చేవాళ్లే ఉండరు.

తల్లులతో జైల్లో ఉండే పిల్లల గురించి దేశానికి దారిచూపిన తీర్పు తెలుగు రాష్ట్రం పేరుతోనే ఉంది. ఆర్.డి. ఉపాధ్యాయ్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మధ్య కేసులో 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఆరేళ్ల వయసు దాకా పిల్లలు తల్లి దగ్గర ఉండవచ్చు. వారిని ఖైదీలుగా చూడరాదు, పాలు, ఆట, బడి, వైద్యం అందాలి. జైల్లో పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో పుట్టినచోటుగా జైలు పేరు రాయరాదు. ఆరేళ్లు నిండాక బిడ్డను తల్లి కోరిన బంధువులకో, తగిన వసతి గృహానికో అప్పగించాలి. ఆ పిల్లలకు హాస్టలు, బడి నడిపే ధార్మిక సంస్థల అవసరం అక్కడే వస్తుంది. నెలకోసారి అమ్మను చూడడానికి తీసుకెళ్లే మనిషి కూడా ఆ ఏర్పాటులో ఉంటేనే అది పూర్తవుతుంది.

మరొక కుటుంబాన్నీ మరవరాదు. నేరం వల్ల నష్టపోయినవాళ్ల ఇల్లు అదే ఊళ్లో ఉంటుంది. తొందరపడి ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి క్షమించమనడం బాధితులకు రెండో దెబ్బ. వాళ్ల బాధను ముందు విని, వాళ్లు ఇష్టపడితేనే మాట కలపడం సరైన వరుస.

అమీర్‌పేట, పంజగుట్టల్లో

చంచల్‌గూడకు దగ్గరి మెట్రో స్టేషన్లలో మలక్‌పేట ఒకటి. అక్కడి నుంచి ఎరుపు మార్గంలో రైలు మారకుండా పంజగుట్టకు, అమీర్‌పేటకు చేరవచ్చు. ఈ భాగం 2018 సెప్టెంబరులో మొదలైంది. అమీర్‌పేటలో నీలి మార్గం కలుస్తుంది. మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు, వాటిని ఆనుకొని వందలకొద్దీ హాస్టళ్లు, మెస్సులు, టిఫిన్ బండ్లు, దుకాణాలు ఉన్నాయి. కంప్యూటరు కోర్సు అందరికీ అందదు కానీ వంటమనిషి, సామాన్లు మోసేవాడు, క్లీనరు, కుట్టుపనివాడు ఇక్కడ ఎప్పుడూ కావాలి.

కొన్ని తలుపులు చట్టమే మూస్తుంది. 2005 నాటి ప్రైవేటు భద్రతా సంస్థల చట్టం కోర్టులో శిక్ష పడినవారిని సెక్యూరిటీ గార్డుగా నియమించరాదంటుంది. నగరంలో చదువు తక్కువైనవారికి తేలిగ్గా దొరికే ఉద్యోగం అదే కనుక దెబ్బ పెద్దది. ఇలాంటివారికి పని వెతికిపెట్టే సంఘాలు ముందే ఈ సంగతి తెలుసుకుని, మెస్సు, టైలరింగు, మెకానిక్ షెడ్డు, సొంత టీ బండి వంటి దారుల వైపు నడిపించాలి.

ఆకలి తీరే చోట్లకు ఇక్కడ కొదవలేదు. పంజగుట్ట ద్వారకాపురి కాలనీ సాయిబాబా గుడి గురువారాల్లో కిటకిటలాడుతుంది. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి ఆషాఢంలో నగరమంతా కదిలివస్తుంది. అమీర్‌పేటలో గురుద్వారా ఉంది, అక్కడి ఉచిత భోజనశాల అయిన లంగరులో కూర్చున్నవాణ్ణి కులమతాలు అడగకపోవడం సిక్కుల నియమం. నగరపాలక సంస్థ 2014లో మొదలుపెట్టిన అయిదు రూపాయల భోజనాన్ని వండి పంపుతున్నది హరేకృష్ణ ఉద్యమానికి చెందిన సేవాసంస్థ. చేతిలో చిల్లర మాత్రమే ఉన్నవాడు వరుసలో నిలబడి గౌరవంగా తినగలడు. వండేది భక్తసంస్థ, ఖర్చు భరించేది ప్రభుత్వం, తినేవాడి గతం ఎవరికీ పట్టదు. మతమూ ప్రభుత్వమూ కలిసి పనిచేయడానికి ఇంతకన్నా మంచి నమూనా నగరంలో అరుదు.

వైద్యం సంగతికి వస్తే పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రి, అదే మెట్రో దారిలో ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి, మానసిక చికిత్సాలయం ఉన్నాయి. కిక్కిరిసిన చోట్ల పాకే క్షయకు మందులు మధ్యలో ఆపితే ప్రమాదం. జైలు చీటీని ఆసుపత్రి చీటీగా మార్పించి, నెలనెలా మందు తెచ్చుకునేలా చూసే తోడు ఒక ప్రాణాన్ని నిలబెడుతుంది. అమీర్‌పేటను ఆనుకున్న యూసుఫ్‌గూడలో మహిళా శిశు సంక్షేమ శాఖ శిశువిహార్, స్టేట్ హోమ్ ఉన్నాయి. తల్లి జైల్లో ఉన్న బిడ్డ సంగతి మాట్లాడాల్సిన అధికారులు ఇక్కడే దొరుకుతారు.

ఇన్ని వసతులు ఉన్నా అవి ఒకదానికొకటి కలిసి లేవు. ఇక్కడి ప్రార్థనాస్థలాలకు కొత్త భవనం అక్కర్లేదు. ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో తెలిసి, వెంట నడిచే నలుగురైదుగురు మనుషులు ప్రతి గుడికీ మసీదుకూ చర్చికీ ఉంటే చాలు.

గల్ఫ్ జైళ్ల నుంచి

తెలంగాణ పల్లెల్లో జైలు కష్టం ఎడారి దేశాల దాకా పాకింది. 2005లో దుబాయిలో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో సిరిసిల్ల ప్రాంతానికి చెందిన అయిదుగురు జైలుపాలయ్యారు. ఇస్లామీయ న్యాయంలో మృతుని కుటుంబం పరిహారం తీసుకొని క్షమించే దియత్ పద్ధతి ఉంది. నాయకుడు కె.టి. రామారావు నేపాలు వెళ్లి ఆ కుటుంబానికి 15 లక్షల రూపాయలు అందజేశారు. అయినా విడుదలకు ఏళ్లు పట్టింది. సుమారు 18 ఏళ్ల తర్వాత, 2024 ఫిబ్రవరి నాటికి వారు ఇళ్లు చేరారు. చిన్నపిల్లలుగా వదిలిన బిడ్డలు పెద్దవాళ్లై ఎదురయ్యారు. ఒక మతన్యాయంలోని క్షమాభావం, మరొక దేశపు కుటుంబం మనసు, సొంత ఊరి ప్రయత్నం కలిస్తే సాధ్యమైన విడుదల ఇది.

ప్రపంచంలో అనుభవాలు, ఫలితాలు

వాటర్‌గేట్ కుంభకోణంలో 1974లో జైలుకెళ్లిన చార్లెస్ కోల్సన్ 1976లో అమెరికాలో ఖైదీల కోసం ప్రిజన్ ఫెలోషిప్ అనే క్రైస్తవ సంస్థను స్థాపించాడు. ఖైదీల పిల్లలకు తల్లిదండ్రుల పేరుతో క్రిస్మస్ కానుకలు పంపే ఏంజెల్ ట్రీ కార్యక్రమాన్ని 1982లో మేరీ కే బియర్డ్ అనే మాజీ ఖైదీ మొదలుపెట్టింది. బ్రెజిల్లో 1972లో క్యాథలిక్ స్వచ్ఛంద సేవకులు ప్రారంభించిన అపాక్ జైళ్లలో సాయుధ కాపలాదారులు ఉండరు. తాళాలు ఖైదీల చేతుల్లోనే ఉంటాయి. జపానులో విడుదలైనవారిని కనిపెట్టి ఉండే ప్రజా స్వచ్ఛంద సేవకుల వ్యవస్థ ఉంది, వారిలో బౌద్ధ పురోహితులూ ఉన్నారు.

ఫలితాల విషయంలో నిజాయితీ అవసరం. టెక్సస్‌లో ప్రిజన్ ఫెలోషిప్ నడిపిన కార్యక్రమం మీద 2003లో వచ్చిన అధ్యయనంలో, చివరిదాకా పూర్తిచేసినవారిలో 8 శాతమే తిరిగి జైలుకు వెళ్లగా, పోల్చిచూసిన బృందంలో అది 20 శాతం. కానీ మధ్యలో మానేసినవారిని కూడా కలిపి లెక్కేస్తే తిరిగి జైలుకెళ్లినవారు 24 శాతం. పూర్తిచేయడమంటే అక్కడ విడుదల తర్వాత ఉద్యోగంలో నిలవడం, చర్చితో సంబంధం కొనసాగించడం కూడా. కనుక మంచిగా సాగినవారినే లెక్కించి మా ప్రార్థన ఫలించిందనడం సరికాదు. అయోవా రాష్ట్రంలో అదే తరహా కార్యక్రమానికి ప్రభుత్వ సొమ్ము ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2007లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. మెరుగైన వసతి మతబోధన వినేవారికే దొరికితే అక్కడ ఇష్టం అన్న మాటకు అర్థం ఉండదు.

మన జైళ్లలోనూ ఈ మెళకువ అవసరం. గోడల మధ్య ఉన్నవాడికి కాదనే స్వేచ్ఛ తక్కువ. విడుదలయ్యాక ఆకలితో ఉన్నవాడికి అది ఇంకా తక్కువ. విశ్వాసం మనిషిని మార్చగలదని నమ్మేవారే ముందుగా ఆ విశ్వాసాన్ని అన్నం మెతుకుకు కట్టకుండా ఉండాలి. అలా కడితే మారేది నోటి మాటే.

మేలైన ఆసరా ఎలా ఉంటుంది

శతాబ్దపు అనుభవం నుంచి కొన్ని ఆచరణలు తేలుతాయి. విడుదలకు కనీసం మూడు నెలల ముందు జైలు సంక్షేమాధికారి ద్వారా ఖైదీని కలిసి ఇల్లు, అప్పు, జబ్బు, పని గురించి తెలుసుకోవాలి. విడుదల రోజున ఎవరో ఒకరు గేటు దగ్గర ఉండాలి. మొదటి నెల తిండి, బస, గుర్తింపు కాగితాలు ముందు చూడాలి, మంచిమాటలు తర్వాత. వాయిదా తేదీలు గుర్తుచేసి కోర్టుకు వెంట వెళ్లాలి. రౌడీషీటు ఉన్నవాడి సత్ప్రవర్తనకు సాక్ష్యంగా స్టేషనులో మాట్లాడే పెద్దమనిషి కావాలి. సాయం పొందినవారి పేర్లు, ఫొటోలు ప్రచారానికి వాడకూడదు. వేరే మతంవాడొస్తే అతని మతంవాళ్ల సంఘానికి పరిచయం చేసి, అక్కడ కుదరకపోతే తామే చూసుకోవాలి. మళ్లీ తప్పుచేసి లోపలికెళ్లినా మళ్లీ ములాఖత్‌కు వెళ్లాలి. తాగుడు, పాత స్నేహాలు ఒక్క ప్రయత్నంలో వదలవు.

వీటిలో దేనికీ పెద్ద నిధులు అక్కర్లేదు. హైదరాబాదులో ప్రతి బస్తీకీ ఒక ప్రార్థనాస్థలం ఉంది, ప్రతి ప్రార్థనాస్థలంలో లెక్కలు రాసేవారు, వంట చేసేవారు, వకీళ్లు, డాక్టర్లు, దుకాణదారులు ఉన్నారు. స్టువర్టుపురంలో కంచె వేసి చేసిన సంస్కరణ విఫలమైంది. ఇళ్లకు వెళ్లి చేసిన పనికి మనుషులు స్పందించారు. జైలు నుంచి వచ్చినవాణ్ణి తమలో ఒకడిగా కూర్చోబెట్టుకోగల సంఘమే అతని విడుదలను పూర్తిచేస్తుంది.